చిన్న ఓడే కదా అంటే సరిపోదు



ఈ మధ్య మనలో కొందరి నోట ఒక మాట తరచూ వినిపిస్తోంది. "ఇరవై మందితో తెరచాప ఓడలో వెళ్ళి, తాబేళ్ళనూ డాల్ఫిన్లనూ చూసి, స్కూబా డైవింగ్ చేసి వచ్చేవాళ్ళ వల్ల సముద్రానికి నష్టమేముంది? నష్టమంతా వలలు వేసేవాళ్ళతోనే" అని. ఇందులో మొదటి మాట తొందరపాటు, రెండోది అన్యాయం. తరతరాలుగా ఒడిశా తీరంలో ఉంటున్న తెలుగువాళ్ళం మనమే దీనికి జవాబు చెప్పాలి.

చిన్న ఓడ కూడా లంగరు వేస్తుంది. అది పగడపు దిబ్బ మీద పడితే, ఏళ్ళ తరబడి పెరిగిన పగడం ఒక్క దెబ్బకు విరుగుతుంది. ఓడలో మురుగు ఎక్కడికి పోతోందో టికెట్ కొన్నవాళ్ళు అడగరు. తెరచాప ఉన్నా టైముకు చేరాలంటే ఇంజన్ వేయక తప్పదు. కనుక ఓడ ఎంత చిన్నదన్నది కాదు, దాని మీద ఏ కట్టడి ఉందన్నది చూడాలి.

ఇలాంటి యాత్రలకు పేరుమోసిన చోటు ఈక్వెడార్ దేశపు గాలపగోస్ దీవులు. అక్కడ వందమందికి మించిన ఓడలకు అనుమతి లేదు. పార్కులో చాలా చోట్ల లైసెన్సున్న గైడు లేనిదే తిరగనివ్వరు, ఒక గైడుకు 16 మందే. జంతువులకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి. అంతకంటే ముఖ్యం 1998 నాటి ప్రత్యేక చట్టం. అది దీవుల చుట్టూ పెద్ద కంపెనీల చేపలవేటను ఆపింది గానీ, స్థానిక జాలర్ల చిన్న పడవలను వెళ్ళగొట్టలేదు. ఉద్యోగాల్లో స్థిర నివాసులకే ముందు చోటిచ్చింది. అక్కడ గొడవలు లేవని కాదు. సముద్ర దోసకాయల వేట మీద జాలర్లకూ పార్కు అధికారులకూ పెద్ద ఘర్షణలే జరిగాయి. అయినా జాలరి లెక్కలో ఉన్నాడు.

మరి మన దగ్గర? ధమ్రా, దేవి, రుషికుల్య నదుల ముఖద్వారాల వద్ద తాబేళ్ళ కోసం ఏటా నవంబర్ 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా చేపలవేట మీద నిషేధం. తాబేళ్ళు బతకాలి, అందులో రెండో మాట లేదు. ట్రాలర్ల వలల్లో ఊపిరాడక అవి చనిపోతున్నాయన్నదీ నిజమే. కానీ ఆ ఏడు నెలల భారం చిన్న పడవవాడి పొయ్యి మీద కూడా పడుతోంది. రుషికుల్య ఒడ్డున గుడ్లకు కాపలా కాసేదీ, దీపాల వెలుగుకు దారితప్పిన పిల్ల తాబేళ్ళను ఏరి నీళ్ళలో వదిలేదీ ఆ పల్లెల కుర్రాళ్ళే. వాళ్ళను దోషులనీ, చూసిపోయేవాళ్ళను ప్రకృతి ప్రేమికులనీ అనడం ఏం న్యాయం?

పూరీలో యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో స్నానం చేయించిన నోలియాలు మనవాళ్ళే. తెప్పకు చాప కట్టి గాలిని చదివిందీ వాళ్ళే. సముద్రం చూపించే పని వస్తే, అది వాళ్ళ చేతికి రావాలి గానీ గిన్నెలు కడిగే పనితో సరిపెట్టకూడదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు చేయాలని కోరుతున్నాం. మన జాలరి పిల్లలకు డైవింగ్, గైడు శిక్షణ ఖర్చు సంఘం భరించాలి. వేటకు మూసిన నీళ్ళలో విహార పడవలకూ కట్టడి ఉండాలని, ఏ అనుమతికైనా ముందు తీర పల్లెల మాట వినాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టాలి. సంఘం తరఫున ఏ ఓడ యాత్రకు వెళ్ళినా లంగరు, మురుగు, గైడు సంగతి అడిగాకే డబ్బు కట్టాలి. ఒప్పుకోనివాళ్ళు సమావేశానికే వచ్చి మాట్లాడండి, వింటాం.