డిస్కు ఇంట్లో, బేరింగ్ షెడ్డులో

ముందు చక్రాల బ్రేకు డిస్కులు అరిగితే కారుని షెడ్డుకి తోలాలా, ఇంటి దగ్గరే విప్పుకోవాలా అన్న వాదన ముందుగా డబ్బు దగ్గరికే పోతుంది. అమెరికాలో మనవాళ్లు గ్యారేజీ తలుపెత్తి పానా పట్టారంటే అర్థం ఉంది. అక్కడ గంటల లెక్కన వేసే లేబర్ ఛార్జీ అలాంటిది. విజయవాడ ఆటోనగర్‌కి కూతవేటు దూరంలో ఉన్నవాడికి ఆ లెక్క కుదరదు. ఇక్కడ డిస్కుల ఖరీదు ముందు మెకానిక్ కూలి తక్కువ. ఈ ఒక్క పనికోసం టార్క్ రెంచి, స్టాండ్లు కొంటే మిగిలేదేమీ ఉండదు.

మరి ఇంట్లో ఎందుకు? నన్నడిగితే, తీరిక కోసం.

పాత డిస్కు ఊడొచ్చాక వెనక హబ్ ముఖం కనిపిస్తుంది. స్టడ్‌ల చుట్టూ తుప్పు పెచ్చులు కట్టి ఉంటుంది. కొత్త డిస్కుని దానిమీదే బిగిస్తే సమంగా కూర్చోదు, తిరిగేటప్పుడు అంచు అటూ ఇటూ ఊగుతుంది. చాలా కార్లకు ఆ ఊగు 0.1 మిల్లీమీటరు దాటకూడదు. కొన్నిటికి అందులో సగమే. హబ్ మీద కంటికి ఆనని పెచ్చు డిస్కు అంచుకొచ్చేసరికి ఇంకాస్త పెద్ద తేడా అవుతుంది. మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ప్యాడు ఒకే చోట రాసుకుని రాసుకుని డిస్కు మందం హెచ్చుతగ్గులవుతుంది, బ్రేకు తొక్కితే పెడల్ పాదం కింద కొట్టుకుంటుంది. అప్పుడు అందరూ ‘డిస్కు బెండొచ్చింది’ అంటారు. లేత్ మీద కోయించి, మళ్లీ అదే తుప్పు మీద బిగిస్తారు.

సాయంత్రంలోగా ఇంకా నాలుగు బండ్లు దించాల్సిన కుర్రాడు వైరు బ్రష్షుతో ఓపిగ్గా హబ్ గీకుతాడని ఆశించలేం. అతన్ని తప్పుపట్టలేం కూడా. గీకినందుకు బిల్లులో పైసా రాదు. సొంత బండి వాడు గీకుతాడు. కాలిపర్ పిన్నులు లాగి పాత గ్రీజు తుడుస్తాడు, కొత్త డిస్కు మీది నూనె పోయేదాకా కడుగుతాడు.

అయితే మెకానిక్‌కున్న చెయ్యి మనకు లేదు. హ్యుందాయ్, హోండా కార్లలో డిస్కుని పట్టి ఉంచే చిన్న స్క్రూలు ఏళ్లతరబడి బిగుసుకుపోయి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పడితే తల అరిగిపోవడమే. అతను ఇంపాక్ట్ డ్రైవర్ ఆనించి సుత్తితో ఒక్కటిస్తాడు, వదులుతుంది. కాలిపర్‌ని బ్రేకు గొట్టానికి వేలాడదీయకూడదని, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రెండోది మరిచిపోతే మొదటి తొక్కుకు బ్రేకు పడదు, సెల్లార్ గోడే ఆపాలి. ఇక ఒట్టి జాకీ మీద బండిని నిలబెట్టి కిందికి దూరేవాళ్లు షెడ్డుకి పోవడమే మేలు. షెడ్లలోనూ అలాంటివాళ్లు ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

హబ్ దాకా వస్తే తూకం మారిపోతుంది. కొన్ని కార్లకు హబ్, బేరింగ్ ఒకే ముక్కగా బోల్టులతో బిగించి ఉంటాయి. అది ఇంట్లో అయ్యే పనే. మన రోడ్ల మీది చిన్న కార్లలో చాలావాటికి మాత్రం ముందు బేరింగ్‌ని నకల్‌లోకి, అంటే హబ్‌ని పట్టి ఉంచే దిమ్మలోకి, ప్రెస్‌తో దించుతారు. అందుకు టన్నుల బలం కావాలి. ఆ బలం ఎక్కడ పడుతుందన్నది ఇంకా ముఖ్యం. నకల్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. హబ్‌ని ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి ఆనిక ఉండాలి. తప్పితే ఒత్తిడంతా బాల్స్ మీదుగా పోయి రింగులో గుంటలు పడతాయి, కొత్త బేరింగ్ కూడా కొద్దిరోజులకే హోరెత్తుతుంది. సుత్తితో కొట్టి దించినా ఇదే గతి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. చాలా కార్లలో బేరింగ్ ఒకవైపు సీలులోనే దాని అయస్కాంత వలయం ఉంటుంది. తిరగేసి దించితే ఆ చక్రం వేగం సెన్సార్‌కి అందదు, డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. అంతా విప్పి మళ్లీ మొదటికి రావాల్సిందే, అదీ ఇంకో కొత్త బేరింగ్‌తో. వీల్ నట్టుకి 100 న్యూటన్ మీటర్ల అటూ ఇటూ సరిపోతే, యాక్సిల్ నట్టు అంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో అడుగుతుంది. పానాకి పైపు తొడిగి ‘చాల్లే’ అనుకునే వ్యవహారం కాదు.

అందుకే డిస్కుల విషయంలో నేను ఇంటివైపు, ప్రెస్ బేరింగ్ విషయంలో షెడ్డువైపు. మధ్యే మార్గం ఒకటుంది: నకల్‌ని ఇంట్లోనే విప్పి, బేరింగ్‌తో సహా సంచిలో వేసుకుని ప్రెస్ ఉన్న షాపుకి పట్టుకెళ్లడం. పక్కనే నిలబడి అయస్కాంతం ఏ వైపుండాలో చెప్పొచ్చు. కాకపోతే ఆ పూటంతా బండి మూడు చక్రాలతో స్టాండు మీదుంటే అపార్టుమెంటు అసోసియేషన్ ఊరుకోవాలి. స్ట్రట్ బోల్టులు వదిలించాక క్యాంబర్ మారి ఉంటుంది గనక, వీల్ అలైన్‌మెంటుకి ఎలాగూ బయటి గుమ్మం తొక్కక తప్పదు.