ఫ్రేములో మన జాగ ఏది?

సినిమాల తెలంగాణోడు నోరు తెరవకముందే వాడెవడో తేలిపోతది. గళ్ల లుంగి, మెడల కర్చీఫు, చేతిల సీసా, ఎనుక కల్లు దుకాణం. హీరో నడుమ నిలబడతడు, వీడు అంచుకు. హీరో మొఖం మీద ఎలుగు, వీని మొఖం మీద నీడ. ఇగ డైలాగు ఎందుకు? తీర్పు అప్పటికే అయిపోయింది.

తెలుగు సినిమా మనకు చేసిన అవమానం గురించి మాట్లాడినప్పుడల్లా మనం యాస దగ్గరే ఆగినం. రౌడీ నోట్లె, జోకరు నోట్లె మన భాష పెట్టిన్రని కొట్లాడినం. అది న్యాయమైన కొట్లాటే. కానీ చెవికి తగిలిన దెబ్బను పట్టుకొని, కంటికి తగిలిన దెబ్బను ఇడిసిపెట్టినం.

సినిమా సదువులో దీనికొక ఫ్రెంచి మాట ఉన్నది: మీజాన్‌సెన్. నాటకం నుంచి వచ్చిన మాట. తెర మీద ఏ వస్తువు ఎక్కడుండాలె, ఎవరు నిలబడాలె, ఎవరు కింద కూసోవాలె, ఏం కట్టుకోవాలె, ఎలుగు ఏ దిక్కునుంచి పడాలె అని ముందే ఏర్పాటు చేసుడు. అక్కడ ఏదీ ఊరికే రాదు. గోడ మీది సున్నం పెచ్చు కూడా ఎవరో ఒకరు నిర్ణయించిందే. ఆ నిర్ణయించేటోడు ఎవడన్నదే అసలు రాజకీయం.

‘వినోదం కోసం తీసే సినిమా లుంగీల రాజకీయం ఎతుకుడేంది?’ అని అడిగే పెద్దమనుషులు ఉన్నరు. వాళ్లకు మేం చెప్పేది ఒక్కటే. ‘దాసి’ చూడండి.

బి. నర్సింగరావు 1988ల తీసిన సినిమా అది. నిజాం కాలపు గడీ, అందులో వెట్టి బతుకు బతికే కమలాక్షి. ఆ సినిమాకు 5 జాతీయ అవార్డులు వచ్చినయి. ఒకటి ఉత్తమ తెలుగు చిత్రానికి, ఒకటి ఉత్తమ నటిగా అర్చనకు. మిగిలిన మూడు దేనికి? అపూర్బ కిషోర్ బీర్ కెమెరాకు, తోట వైకుంఠం కళా దర్శకత్వానికి, సుదర్శన్ దుస్తులకు. అంటే ఎలుగుకు, గోడకు, చీరెకు! మన బతుకును ఉన్నదున్నట్టు తెర మీద పెడితే దేశమే తలవంచి చూసింది. వైకుంఠం కరీంనగర్ పల్లెల పుట్టిన చిత్రకారుడు. మన ఆడోళ్లు చీరె ఎట్ల కడతరో, బొట్టు ఎంత పెడతరో ఆయనకు ఎవరూ చెప్పే పనిలేదు. గడీ తెలిసినోడు గడీ కడితే అది భయపెడతది. తెలువనోడు కడితే పెండ్లి పాటకు పనికొచ్చే మహలైతది. రాయి అదే, సున్నం అదే. అర్థం తలకిందులు.

2014ల రాష్ట్రం వచ్చింది. 2017ల ‘ఫిదా’తో హీరోయిన్ మన బాసలో మాట్లాడింది, థియేటర్లు ఈలలేసినయి. సంతోషమే. 2023ల ‘బలగం’ ఇంకో అడుగు ముందుకేసింది. చచ్చిపోయిన పెద్దమనిషికి పెట్టిన బువ్వ కాకి ముట్టదు. ఆకుల బువ్వ, ఎదురుచూసే కండ్లు, చీలిపోయిన కుటుంబం. కథంతా ఆ ఏర్పాటులోనే ఉన్నది. దాన్ని చూసి ఊర్లకు ఊర్లే ఏడ్చినయి.

కానీ మోసపోవద్దు. యాస మార్కెట్ సరుకైంది. ఇప్పుడు హీరోకే లుంగి కట్టి, చేతికి మందు సీసా ఇచ్చి, ఇదే తెలంగాణ అని అమ్ముతున్నరు. అప్పుడు రౌడీకి పెట్టిన సామాన్లే ఇప్పుడు హీరోకు పెడితే అది గౌరవమా? మన ఇండ్లల్ల పుస్తకాల అర లేదా? మగ్గం లేదా? ఉద్యోగానికి పోయే ఆడిబిడ్డ లేదా? బతుకమ్మ పేర్చే చేతులు లేవా? అవి ఫ్రేములకెందుకు రావు?

విద్యార్థులారా, ఉద్యోగులారా! సినిమాకు పొండి. కానీ చెవులతోనే కాదు, కండ్లతోని వినుండి. నడుమ ఎవరున్నరు, అంచుకు ఎవరున్నరు, చీకట్ల ఎవరిని నిలబెట్టిన్రో లెక్క తీయండి. సినిమా తీసే మన పిలగాండ్లకు ఒక్క మాట: మాటలు రాసుడుతోనే సరిపెట్టుకోవద్దు. సెట్టు, బట్టలు, దీపం కూడా మీ చేతుల్లకు తీసుకోండి.

భూమి మీద మన జాగ కొట్లాడి తెచ్చుకున్నం. తెర మీది జాగను ఎవడో దానం చేస్తడని కూసుందామా?