కొత్త సీటు రాడ్డు వేసే ముందు



ఆదివారం ప్రార్థన మందిరం గోడకు ఆనించి ఉన్న సైకిళ్ళను ఒకసారి గమనించండి. సగానికి సగం తండ్రులు తొక్కి కొడుకులకు ఇచ్చినవే. ములకలపల్లి చుట్టుపక్కల అడవి గ్రామాల్లో బడికీ, పొలానికీ, సంతకూ ఇంకా సైకిలే ఆధారమైన ఇళ్ళు ఉన్నాయి. పిల్లవాడు ఎదుగుతాడు, సీటు ఎత్తు చాలదు. పాల్వంచకో కొత్తగూడానికో వెళ్ళి పొడుగాటి కొత్త రాడ్డు తెస్తారు. అది దిగకపోతే సుత్తి తీస్తారు. సమస్య అక్కడే మొదలవుతుంది.

రాడ్డు కొత్తదే గాని, అది దిగే ఫ్రేము గొట్టం పాతది. ఆ గొట్టం పైభాగాన వెనుకవైపు నిలువుగా ఒక చీలిక ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ చీలిక దగ్గరపడి రాడ్డును పట్టుకుంటుంది. వానాకాలంలో వెనుక చక్రం చిమ్మే బురదనీరు ఆ చీలికలోంచే లోపలికి పోతుంది. నీరు నిలిచిన చోట తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక గొట్టం లోపల ఇరుకవుతుంది. కొత్త రాడ్డు దిగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. సుత్తితో దింపితే మళ్ళీ బయటికి రాదు. లేదా చీలిక అడుగున గొట్టం పగులుతుంది.

ముందుగా పాత రాడ్డు తీయాలి. బోల్టు పూర్తిగా తీసి, చీలికలోనూ రాడ్డు చుట్టూ నూనె పోసి రాత్రంతా వదిలేయండి. ఉదయం సీటును రెండు చేతులతో పట్టుకొని కుడి ఎడమలకు తిప్పుతూ పైకి లాగండి. రాకపోతే మరో రాత్రి ఆగండి. అప్పటికీ కదలకపోతే బలవంతం చేయకండి, మెకానిక్కు దగ్గరికి తీసుకుపోండి. ఇనుప ఫ్రేములో అల్యూమినియం రాడ్డు ఉంటే మరీ గట్టిగా పట్టుకుపోతుంది.

తరువాత రెండు చక్రాలకూ తాళ్ళు కట్టి, సైకిలును దూలానికి తలకిందులుగా వేలాడదీయండి. ఇలా చేస్తే రాలిన తుప్పు కిందనే పడుతుంది. నిలబెట్టి రుద్దితే అదంతా గొట్టం గుండా జారి పెడళ్ళ దగ్గరి బేరింగుల్లో చేరి వాటిని అరగదీస్తుంది. గొట్టాన్ని కర్రతో మెల్లగా తట్టి మట్టి రాల్చండి. ఒక వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, కిరసనాయిలులో గాని డీజిలులో గాని తడిపి లోపల తుడవండి. ఈ పని పొయ్యికీ బీడీకీ దూరంగా చేయాలి, పిల్లలను దగ్గరికి రానీయకండి.

ఇప్పుడు పుల్ల చివర చీల్చి, ఉప్పుకాగితం ఇరికించి చుట్టండి. రాడ్డు దిగేంత లోతు వరకు తిప్పుతూ రుద్దండి. తుప్పు పోవాలి గాని గొట్టం పలచబడకూడదు. ఇనుము మెరుపు కనబడగానే ఆపండి. చీలిక అంచుల్లో ముళ్ళలా లేచినవి ఉంటే సన్నని ఆకురాయితో రెండు మూడుసార్లు సాపు చేయండి. ఆపైన పొడి గుడ్డతో తుడిచి ఎండలో ఆరనీయండి.

వెలుతురులో చీలిక అడుగు భాగాన్ని బాగా చూడండి. వెంట్రుకంత పగులు కనబడినా కొత్త రాడ్డు వేయవద్దు. ముందు పని తెలిసిన వాని చేత వెల్డింగు చేయించండి. పిల్లవాని బరువంతా నిలిచేది అక్కడే.

రాడ్డుల కొలతల్లో తేడా మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉంటుంది. కంటికి ఒకటేలా కనిపిస్తాయి. కాబట్టి పాత రాడ్డును వెంట తీసుకువెళ్ళి, అరగని చోట కొలిపించి కొనండి. సరైన రాడ్డు చేతితో తిప్పుతూ నెడితే దిగాలి, దిగాక ఊగకూడదు. వదులైతే డబ్బా రేకు ముక్క చుట్టి దింపడం మనకు అలవాటు. అది కొద్ది రోజులే నిలుస్తుంది. గతుకుల బాటలో రేకు జారుతుంది, సీటు తిరిగిపోతుంది.

దింపే ముందు రాడ్డుకు పలచగా గ్రీజు పూయండి. గ్రీజు వల్ల సీటు జారుతుందని భయపడనక్కరలేదు. పట్టుకునేది బోల్టు, గ్రీజు నీటిని ఆపుతుంది. మడమ పెడలు మీద ఉంచి, పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు చాపుగా ఉంటే ఎత్తు సరిపోయినట్టే. అయితే రాడ్డు మీది గుర్తు గొట్టం పైకి కనబడకూడదు. గుర్తు లేని రాడ్డయితే, దాని వెడల్పుకు కనీసం రెండింతలు, ఇంకా ఎక్కువైతే మరీ మంచిది, గొట్టంలో ఉండాలి. అంతకు మించి ఎత్తాలంటే ఆ పిల్లవానికి పెద్ద సైకిలు కావాలన్నమాట.

1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ కంపెనీ, 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది. అలాంటి పాత ఫ్రేము మీ ఇంట్లో ఉంటే దాన్ని కాపాడుకోవడం మీ చేతుల్లోనే ఉంది. రాడ్డు ఎప్పుడైనా కొనవచ్చు. ఫ్రేము పగిలితే సైకిలే పోయినట్టు.

ఏటా తొలకరికి ముందు ఒకసారి రాడ్డు తీసి, తుడిచి, గ్రీజు పూసి మళ్ళీ దింపండి. అరగంట పని. ఈ పనిలో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. రేపు ఆ సైకిలు వారిదే.