ఫ్రీ సీటుకు ఓటీపీ ఎందుకు?

పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి దేవరకొండ దగ్గర మా ఊరి నుంచి చిన్నాయన బిడ్డ ఫోన్ చేసింది.

"అన్నా, కాలేజీ సారొచ్చిండు. డిగ్రీ మొత్తం ఫ్రీ అంటుండు. మెమో, టీసీ ఒరిజినల్స్ ఇయ్యమంటుండు. ఫోన్‌కు ఓటీపీ వస్తది, అది చెప్పమంటుండు. చెప్పాల్నా?"

"ఆగు" అన్న.

వచ్చినాయన సార్ కాదు, ఓ ప్రైవేటు కాలేజీ పీఆర్వో. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మా దిక్కు ఊళ్లలో బైకుల మీద వీళ్లే. ఆయన్ని తిట్టాలని లేదు. ఆయనా డిగ్రీ చదివి కొలువు దొరకనోడే అయ్యుంటడు.

నా దగ్గరికీ ఇట్లనే ఒకాయన వచ్చిండు, కొన్నేళ్ల కింద. "రూపాయి కట్టక్కర్లే, రీయింబర్స్‌మెంట్ వస్తది" అన్నడు. ఆ పైసలు టైముకు రాలేదు. ఫైనలియర్ అయ్యాక టీసీ కోసం పోతే, బాకీ కట్టి తీసుకపొమ్మన్నరు. నాయిన అప్పు తెచ్చి కట్టేసరికి పీజీ కౌన్సెలింగ్ అయిపోయింది. ఆ ఏడాదంతా ఇంట్లనే ఉన్న. పత్తి చేనుకు మందు కొడుతూ ఆ "ఫ్రీ" అన్న మాటను ఎన్నిసార్లు తలుచుకున్ననో.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ మా అసొంటోళ్లను కాలేజీ గడప తొక్కించింది, కాదనను. కానీ అది ఉందంటే కాలేజీలో ఫీజు లేదని కాదు. ఫీజు ఉంటది, మన బదులు సర్కారు కడతది. సర్కారు ఆలస్యం చేస్తే కాలేజీ మన మొహం చూస్తది. అందుకే చెల్లెను ఒక్కటే అడిగిన: "రీయింబర్స్‌మెంట్ రాకున్నా మనం కట్టుకోగలిగే ఫీజేనా?" ఆమెకు తెల్వదు. సారు చెప్పలే.

చెప్పకున్నా దొరుకుతది. 2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ వెబ్‌సైట్‌లోనే కదా. ఏ కాలేజీలో ఏ కోర్సుకు ఎంత ఫీజో అక్కడే కనిపిస్తది. ప్రభుత్వ కాలేజీల ఫీజు పక్కన ప్రైవేటుది పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తది. దేవరకొండలోనే ఎంకేఆర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. నల్గొండలో నాగార్జున ప్రభుత్వ కాలేజీ, అదే మన ఎన్జీ కాలేజీ. పాలమూరు దిక్కైతే మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్, జడ్చర్లలో బీఆర్ఆర్. ఆడపిల్లలకు సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలున్నయి, చదువుతో పాటు తిండి, ఉండడం కూడా సర్కారుదే.

"సర్కారు కాలేజా?" అని చిన్నమ్మ వెనుక నుంచి మూతి తిప్పింది. వీడియో కాల్‌లో కనపడ్డది.

చిన్నమ్మ అనుమానం ఉత్తదేం కాదు. కొన్ని సబ్జెక్టులకు గెస్ట్ లెక్చరర్లే దిక్కు. అందుకే చేరేముందు ఆ కాలేజీలో చదివే ఒక సీనియర్‌ను పట్టుకుని, క్లాసులు నడుస్తున్నయా, ల్యాబ్ తాళం తీస్తరా అని అడగండి. ప్రైవేటులోనూ ఇదే అడగండి. బ్రోషర్‌లో ఏసీ ల్యాబ్ ఫొటో ఎవరైనా వేస్తరు.

ఇక ఓటీపీ సంగతి. దోస్త్ ఐడీ, పిన్ మీ చేతిలో ఉండాలి. ఓటీపీ చెప్పారంటే మీ పేరు మీద వెబ్ ఆప్షన్లు ఆయనే పెట్టేస్తడు, అన్నీ ఆయన కాలేజీవే. రిజిస్ట్రేషన్‌కు రెండు వందలు. ఫోన్‌లోనే అయితది, కాకుంటే మీసేవకు పోండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండి. స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు, అది మర్చిపోవద్దు.

టెన్త్ అయిన తమ్ముళ్లుంటే ఇంకో రెండు దారులు. బాసర ట్రిపుల్ ఐటీలో టెన్త్ మార్కులతోనే ఆరేండ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్. ఇంటర్‌కైతే సర్వేల్ గురుకులం. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది అది.

చెల్లె మర్నాడు తనే రిజిస్టర్ చేసుకుంది. బీఎస్సీ, మొదటి ఆప్షన్ ఎన్జీ, రెండోది ఎంకేఆర్. సీటు ఇంకా రాలే, చూడాలె. ఆ పీఆర్వో మళ్లా వచ్చిండట. ఈసారి కాలేజీ బస్సు కూడా ఫ్రీ అన్నడట.

"ఆధార్ చూపిస్తే ఆర్టీసీల మాకు ఎట్లయినా ఫ్రీయే సార్" అన్నదట చెల్లె.