తోక దొరికాక తేలిన వంశం

పాలికీట్లు వానపాముకూ జలగకూ దాయాదులు. ఒళ్లంతా ఉంగరాల్లాంటి ఖండాలు, దాదాపు ప్రతి ఖండానికీ రెండు పక్కలా పార్శ్వపాదాలు, వాటిలోంచి కుచ్చులుగా పొడుచుకొచ్చే శూకాలు వీటి గుర్తులు. జువాలజీ చదివినవారికి తెలిసిన నీరీస్ ఈ తెగదే. ఇప్పటివరకు పదకొండు వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు. లోతు సముద్రపు మెత్తటి బురదను జల్లెడ పడితే మిగిలే పురుగూ పుట్రలో చాలాచోట్ల పెద్ద వాటా వీటిదే.

ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలే గోదావరి తెచ్చే ఒండ్రులో కొంత తీరం దగ్గర ఆగకుండా బంగాళాఖాతపు లోతుల్లోకి జారుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 900 నుంచి 1,800 మీటర్ల లోతున, అడుగు నుంచి మీథేన్ ఊరే చోట్లను జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు కనుగొని 2019లో ప్రకటించారు. భారత ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో ఇలాంటి జీవావరణం బయటపడడం అదే మొదటిసారి. అక్కడ ఆల్చిప్పలు, నత్తలతో పాటు సిబోగ్లినిడే కుటుంబపు పాలికీట్లూ దొరికాయి. ఆ కుటుంబానికి పాలికీట్లలో చోటు దక్కడానికి ఎనభై ఏళ్లకు పైనే పట్టింది.

పాలికీట్ల వర్గీకరణ తల దగ్గర మొదలవుతుంది. నోటికి ముందుండే ప్రోస్టోమియం మీద కళ్లున్నాయా, స్పర్శకాలు ఎన్ని, ఆహారాన్ని తడిమే పాల్పులు ఉన్నాయా అని ముందు చూస్తారు. వెలుగు చేరని లోతుల్లో చాలా జాతులకు కళ్లే ఉండవు, కనుక వాటి మీద ఆధారపడితే పని జరగదు. తరవాతిది పార్శ్వపాదం. దీనికి పై తమ్మె, కింది తమ్మె అని రెండు భాగాలు. పాకుతూ వేటాడే పురుగుల్లో ఈ పాదాన్ని లోపలి నుంచి నిలబెట్టే అసిక్యులం అనే గట్టి పుల్ల ఉంటుంది. గొట్టాల్లో కుదురుగా బతికేవాటిలో చాలావరకు పాదాలు చిన్న గట్లుగా మిగిలిపోతాయి.

ఇక అసలు పరీక్ష శూకం దగ్గరే. మైక్రోస్కోపు కింద కొన్ని శూకాలు వెంట్రుకల్లా కనిపిస్తాయి, కొన్ని కొక్కేల్లా వంగి కొన మీద పల్చటి ముసుగు వేసుకుని ఉంటాయి, కొన్నింటికి మధ్యలో కీలు ఉంటుంది. కేపిటెల్లిడే కుటుంబంలో ముందు భాగాన ఎన్ని ఖండాలకు వెంట్రుక శూకాలున్నాయో, ఎక్కడ కొక్కేలు మొదలయ్యాయో లెక్కపెట్టి ప్రజాతిని నిర్ణయిస్తారు. నీరీస్ కుటుంబంలో గొంతూ చూడాలి. బయటికి తిరగబడిన గొంతుకు రెండు దవడలు, వాటి చుట్టూ చాలా జాతుల్లో పారాగ్నాథ్‌లనే ముదురురంగు చిన్న పళ్లు ఉంటాయి. గొంతును ఎనిమిది మండలాలుగా విడదీసి, ఒక్కొక్క దానిలో పళ్లెన్నో, ఏ వరసలో ఉన్నాయో రాసుకుంటారు. గొంతు లోపలికి ముడుచుకుని చచ్చిన పురుగైతే కోసి చూడక తప్పదు. పాలినాయిడే కుటుంబపు పురుగుల వీపు మీది పొలుసులు వలలో పడగానే రాలిపోతాయి. అప్పుడు పొలుసు ఊడినచోట మిగిలే మొదళ్లే ఆధారం.

కదిలేవి, కుదురుగా ఉండేవి అని పాలికీట్లను రెండుగా విడదీసినవారు 19వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు. బతుకు తీరును బట్టి చేసిన విభజన అని తరవాతి తరాలు దాన్ని పక్కనపెట్టాయి. 1997లో గ్రెగ్ రౌస్, క్రిస్టియన్ ఫౌచాల్డ్ అంగనిర్మాణ లక్షణాలను పట్టికలు కట్టి వంశవృక్షాన్ని కొత్తగా గీశారు. 2011లో జన్యువులు చూసినవారికి పాత విభజనే చాలావరకు నిజమని తేలింది. పైగా వానపాములు, జలగలు కుదురు జాతుల కొమ్మలోకే వచ్చి చేరాయి.

సిబోగ్లినిడే కథ అంగనిర్మాణ శాస్త్రానికి పెద్ద పాఠం. ఇండోనేషియా జలాల్లో డచ్చి నౌక సిబోగా సేకరించిన ఒక సన్నటి పురుగును 1914లో కొల్లరీ వర్ణించాడు. పెరిగిన పురుగుకు నోరూ లేదు, పేగూ లేదు. వీపేదో పొట్టేదో చెప్పడమే కష్టమైంది. పోగొనోఫోరా పేరుతో వీటికి ప్రత్యేక వర్గమే కట్టబెట్టారు. పైకి లాగేటప్పుడు చివరి భాగం తెగి బురదలోనే ఉండిపోతోందని తెలిసింది 1960లలోనే. 1964లో ఆ తోకను వర్ణించారు. దాన్నిండా ఖండాలు, ఖండాలకు శూకాలు! దాంతో ఇవి ఖండాల పురుగుల వర్గమైన అనెలిడాకు చెందినవన్న వాదం బలపడింది, 1997 వర్గీకరణలో పాలికీట్ల కుటుంబంగా స్థిరపడ్డాయి. వీటిని పోషించేది ఒంట్లోని బ్యాక్టీరియా. చాలా జాతుల్లో సల్ఫైడునో మీథేన్‌నో వాడుకుని అవి ఆహారం తయారుచేస్తాయి.

అంగనిర్మాణానికీ హద్దులున్నాయి. కాలుష్యానికి గుర్తుగా చెప్పే కేపిటెల్లా కేపిటేటా ఒక్క జాతి కాదని, చూపుకు ఒకేలా ఉండే కనీసం ఆరు జాతుల కలగలుపని 1976లో ఎంజైముల పరీక్షలో తేలింది. అలాగని మైక్రోస్కోపును మూలన పెట్టలేం. డీఎన్ఏ వరసకు పేరు తగిలించాలంటే ముందు ఎవరో ఒకరు ఆ పురుగును సరిగ్గా పోల్చుకోవాలి. ఫార్మలిన్‌లో ఆకారం నిలుస్తుంది గానీ డీఎన్ఏ పాడవుతుంది. ఆల్కహాలు డీఎన్ఏను కాపాడినా ఒంటిని బిరుసెక్కిస్తుంది. అందుకే నమూనాలను రెండుగా పంచి దాచాలి.

ఈ విద్య తెలుగుగడ్డకు కొత్త కాదు. వాల్తేరు తీరపు పాలికీట్ల లార్వాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణపతి, రాధాకృష్ణ చేసిన పరిశోధన 1958లో అచ్చయింది. 1953లో ఫోవెల్ రాసిన భారత పాలికీట్ల గ్రంథం పరిశోధకులకు దశాబ్దాలపాటు చేతిపుస్తకం. ఇప్పుడు ఆ విద్య అవసరం ఇంకా పెరిగింది. 2006లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో, మీథేన్ మంచులా గడ్డకట్టిన గ్యాస్ హైడ్రేట్ నిల్వలు తవ్వి చూశారు. రేపు వాటిని వెలికితీసే యంత్రాలు దిగకముందే అక్కడి పురుగుల జాబితా, తోకతో సహా తీసిన నమూనాలు సిద్ధం కావాలి. ఆంధ్ర, నన్నయ విశ్వవిద్యాలయాల జువాలజీ శాఖలు శూకం చూసి జాతి చెప్పగల పిల్లలను ఇప్పటినుంచే తయారుచేయాలి, వాళ్లకు ఉద్యోగాలు ప్రభుత్వం ఇవ్వాలి.