బండి – బాగోగులు: గేరుబాక్సు పోయిందనే ముందు

ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న మా నాగలమడిక సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వచ్చే బండ్లలో ఇప్పుడు క్లచ్చి లేని కార్లు చాలా కనిపిస్తున్నాయి. కుక్కే, ఘాటి చూసుకుని ఇక్కడికి వచ్చేసరికి వందల కిలోమీటర్లు తిరిగి ఉంటాయి. దారిలో బండి ఒకే గేరులో బిగుసుకుపోతే ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. ఆ వెంటనే వినబడే మాట ‘గేరుబాక్సు పోయింది’. ఆ మాట ఖరీదు లక్షల్లో ఉంటుంది. అందుకే ఈసారి దీని గురించే రాస్తున్నాను.

ఈ బండ్లలో గేరు మార్చేది నూనె ఒత్తిడి. నూనె ఎటు పోవాలో నిర్ణయించేది చిన్న కంప్యూటరు. దాని ఆజ్ఞను అమలు చేసేవి సొలినాయిడ్లనే కరెంటు కవాటాలు. నడుమ వైరు తెగినా, కనెక్టరు పిన్నుకు చిలుము పట్టినా కంప్యూటరు వాటికి కరెంటు ఆపి, బండిని ఒక్క గేరులోనే నడవనిస్తుంది. దీన్నే ‘లింప్ మోడ్’ అంటారు. కుంటుకుంటూ ఇల్లు చేరడానికన్నమాట. ఇది గేరుబాక్సుకు కాపుదలే గాని చావు కాదు.

మా మేనల్లుడి కారుకు ఇదే జరిగింది. పట్నంలో ఒక వర్కుషాపువారు గేరుబాక్సు మొత్తం మార్చాలన్నారు. వాడు అప్పు కోసం తిరుగుతుంటే, బండిని ఒకసారి ఇటు తెమ్మన్నాను. బండ్ల కరెంటు పని నా వృత్తి. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి కొలిస్తే ఎర్త్ వైరు దగ్గరే ఒక వోల్టుకు పైగా పోతోంది. బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించాను. అంతే, గేర్లన్నీ పడ్డాయి.

చూడవలసిన వరుస ఇది. మొదట బ్యాటరీ: ఇంజను ఆపినప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14 దరిదాపుల్లో ఉండాలి. తరువాత స్కానరు. పి 0700 అని వస్తే గేరుబాక్సు కంప్యూటరు ఏదో తప్పు పట్టుకుందని మాత్రమే అర్థం. తోడుగా ఉన్న కోడు చూడాలి. పి 0705 గేరు లీవరు స్థానం చెప్పే సెన్సరు సర్క్యూటు, పి 0750 మొదటి సొలినాయిడ్ సర్క్యూటు. కోడు చూపేది సర్క్యూటును. సామాను పాడైందని తీర్పు చెప్పదు.

ఆపైన తాళం తీసి, బ్యాటరీ నెగటివు విప్పి, కనెక్టర్లు ఊడదీసి చూడాలి. పచ్చని చిలుము, వంగిన పిన్ను, నూనె తడి, ఎలుక కొరికిన గుర్తు ఉన్నాయేమో గమనించండి. 1996 నుంచి వచ్చిన మెర్సిడెస్ 722.6 గేరుబాక్సులో కనెక్టరు రబ్బరు రింగు అరిగితే నూనె వైర్ల లోపలే పాకి కంప్యూటరును చేరుతుంది.

ఓమ్‌మీటరును ఒక్కదాన్నే నమ్మవద్దు. వైరులో ఒక్క పోగు మిగిలినా అది బాగుందనే చూపుతుంది. కరెంటు పారుతుండగా వోల్టేజీ ఎంత పడిపోతోందో కొలవాలి. ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటితే అనుమానించాలి. వైరును మెల్లగా కదిలిస్తూ మీటరు చూస్తే దొంగ దొరుకుతాడు. సూదితో వైరు తొడుగు పొడవకండి, రేపటి చిలుముకు అదే దారి.

నూనె మాడువాసన వేసినా, అందులో లోహపు పొడి కనిపించినా అది నిజంగా లోపలి జబ్బే. అవి లేనప్పుడు సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఏ కనెక్టరు విప్పారు, ఎన్ని వోల్టులు వచ్చాయి?” జవాబు అంకెల్లో రాకపోతే బండి తాళాలు ఇవ్వకండి.