గేదె నీళ్లలో ఉండగానే డబ్బు కట్టాలా?

మిర్చి నారుకు బయానాలు కట్టే రోజులు మళ్లీ వచ్చాయి. ఇప్పుడే నర్సరీలో పేరు రాయించుకోకపోతే అదునుకు నారు దొరకదని అందరికీ భయం. ఎకరాకు పన్నెండు వేల మొక్కలకు తక్కువ పట్టవు. మొక్కకు ఇంత అని లెక్కగట్టి సగం డబ్బు ముందే ఇస్తున్నాం. గిరాకీ ఉన్న రకమైతే మొత్తం కట్టమంటున్నారు. అప్పటికి విత్తనం ట్రేలో కూడా పడి ఉండదు. గేదెను నీళ్లలో పెట్టి బేరమాడొద్దని పెద్దలు చెప్పారు. మనం బేరమాడటమే కాదు, డబ్బు కూడా చేతిలో పెట్టి వస్తున్నాం.

నిరుడు మా ఊళ్లో పదకొండు మందిమి కలిసి ఒక నర్సరీలో బయానా కట్టాం. చెప్పిన రోజుకు ట్రాక్టరు వేసుకుని వెళితే, "మీరడిగిన రకం సరిగా మొలవలేదు, ఇదీ మంచి రకమే, తీసుకెళ్లండి" అన్నారు. దుక్కి సిద్ధంగా ఉంది, కూలీలకు చెప్పి ఉంచాం, వాన పడింది. ఎనిమిది మందిమి నోరు మూసుకుని తెచ్చుకున్నాం. ముగ్గురు వద్దని డబ్బు తిరిగి అడిగితే, "నారు వద్దన్నది మీరే కదా" అన్నారు. మా దగ్గరున్నది నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. దాని మీద పేరు, డబ్బు తప్ప రకం లేదు, తేదీ లేదు, సంతకం లేదు. చేలో కాపు తేడా వచ్చాక అధికారుల దగ్గరకు పోతే వాళ్లు అడిగిన మొదటి మాట, "బిల్లు ఉందా?"

నర్సరీవాళ్ల కష్టం మాకు తెలియంది కాదు. విత్తనం వాళ్లు రొక్కానికి కొనాలి. షేడ్‌నెట్టు, ట్రేలు, కొబ్బరిపొట్టు, కూలీలు, అన్నిటికీ పెట్టుబడి కావాలి. నారు ముప్పై ఐదు, నలభై రోజులకు ఎదిగిపోతుంది. చెప్పిన రైతు వాన లేదని రాకపోతే ముదిరిన నారును ఇంకెవరూ కొనరు. మనలోనూ రెండు నర్సరీల్లో చెప్పి ఒకదాని మొహం చూడనివాళ్లు ఉన్నారు. కాబట్టి బయానాయే వద్దని మేం అనడం లేదు. బయానా ఇచ్చినవాడి మీదే నష్టమంతా వేయడం న్యాయం కాదంటున్నాం.

మనం అమ్మేటప్పుడు చూడండి. కాయలు యార్డుకు చేరి, కాటా అయ్యి, బస్తాలు వ్యాపారి గోదాముకు వెళ్లిపోయాక కూడా మనం డబ్బుల కోసం తిరుగుతాం. తొందరగా కావాలంటే ఇంత కోసుకుంటామంటారు. కొనేటప్పుడు సరుకు చూడకముందే మన డబ్బు పోతుంది, అమ్మేటప్పుడు సరుకు పోయాక కూడా డబ్బు రాదు. రెండు వైపులా అప్పు ఇచ్చేది రైతే. ఆ అప్పుకు వడ్డీ లేదు. మనం మాత్రం ఆ బయానా డబ్బును నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడుతున్నాం.

ఆలస్యానికి వడ్డీ అనేది కొత్త మాటేమీ కాదు. చెరకు విషయంలో 1966 నాటి కంట్రోలు ఆర్డరు ప్రకారం ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే ఏడాదికి నూటికి 15 చొప్పున వడ్డీ కట్టాలి. అమలు కోసం చెరకు రైతులు ఇప్పటికీ పోరాడుతున్నారు, అది వేరే మాట. కానీ అడగడానికి చేతిలో ఒక రాత ఉంది. నారుకు బయానా కట్టిన రైతు చేతిలో అదీ లేదు.

అయినా మనకు దారే లేదనుకోవద్దు. విత్తనం కొని నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లోనే ఆ తీర్పు వచ్చింది. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. నష్టం జరిగిన రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. కానీ అక్కడా మొదట అడిగేది కాగితమే.

అందుకే ఈ సీజనులో ఈ పద్ధతి పాటిద్దాం. బయానా మూడో వంతుకు మించొద్దు. మిగతాది నారు కళ్లతో చూసి, ట్రాక్టరుకు ఎత్తేటప్పుడు ఇద్దాం. రసీదు మీద రకం పేరు, విత్తన ప్యాకెట్టు లాటు నంబరు, మొక్కల లెక్క, ఇచ్చే తేదీ, నర్సరీ రిజిస్ట్రేషను నంబరు రాయించుకుందాం. చెప్పిన రకం ఇవ్వలేకపోతే బయానా మొత్తం వాపసు ఇస్తామని అందులోనే ఉండాలి. మనం రాకపోతే బయానా వాళ్లదే అని కూడా రాయనిద్దాం. అప్పుడే అది ఇద్దరికీ న్యాయం. కౌలు రైతులు పొలం యజమాని పేరుతో కాకుండా తమ పేరుతోనే రసీదు తీసుకోవాలి, నష్టపోయేది వాళ్లే కాబట్టి.

ఒక్కడే వెళ్లి అడిగితే, "ఇష్టమైతే కట్టు, లేకపోతే పో" అంటారు. ఊరంతా కలిసి వెళ్లి, "రసీదు ఇచ్చే నర్సరీకే వస్తాం" అంటే ఆ మాట అనలేరు. నిరుడు మేం పదకొండు మందిమి కలిసే వెళ్లాం, కానీ కలిసి అడగలేదు. ఈసారి కలిసి అడుగుతాం. మీ ఊళ్లోనూ బయానా కట్టకముందే ఒక్కసారి కూర్చోండి.